కాకి పేజీలో మూడు చేతిరాతలు

వరాహనరసింహం గారి గురించి రాసే ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. రాసినవాడెవడో తెలియకపోతే రాతని ఎవరు నమ్ముతారు? నా పేరు జగ్గారావు. చీపురుపల్లి అవతల పల్లెబడిలో ఐదో తరగతి దాకా చదివి, ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, చక్రాల షాపులో చార్జిమేన్‌గా రిటైరయినాను. నా చేతి కింద నుంచి పోయిన చక్రం దారిలో మొరాయించిందన్న మాట ఇంతవరకు ఎవడూ అనలేదు. జనరల్ మేనేజరు చేతుల మీదుగా గోడ గడియారం పుచ్చుకున్నాను, అది ఇప్పటికీ నడుస్తోంది. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ల లైనుకి కొళాయి తెప్పించింది నేను. తెలుగు పఠనాలయానికి రేకుల కప్పు వేయించింది నేను. ఆ పఠనాలయం తాళంచెవి మొదటినుంచీ నా మొలతాడుకే ఉంది.

వరాహనరసింహం గారికి ఇలా చెప్పుకోడానికి ఏమీ లేవు. రైల్వే అకౌంట్సు ఆఫీసులో గుమస్తాగా చేరినారు, హెడ్ క్లర్కుగా బయటికొచ్చినారు. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎర్ర పెన్సిలు. మేమంతా పంతులుగారనే పిలిచేవాళ్లం. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి ఇందా అనే పేటలో అద్దె ఇంటికి పోయినారు. అక్కడ చుట్టూ బెంగాలీవాళ్లు. పొద్దున్న లేస్తే "కేమోన్ ఆఛేన్ దాదా" అన్న పలకరింపే తప్ప తెలుగు మాట వినాలంటే ఇంట్లో ఆయన భార్య బాలాంబగారు ఒక్కరే. ఆదివారం ఆదివారం సైకిలు తొక్కుకుంటూ మా దగ్గరకి వచ్చేవారు. ఆ ముఖంలో నేను ఎక్కువగా చూసింది అలసట. జబ్బు మనిషి కాదు, బద్ధకస్తుడు అసలే కాదు. ఆ అలసట ఎలా పట్టుకుందో చెప్పడానికే ఈ రాత.

ఎనభై నాలుగులో మా అమ్మకి షుగరు వచ్చింది. ఏమి తినాలో ఏమి తినకూడదో అచ్చేసిన కాయితం ఒకటి డాక్టరు ఇచ్చినాడు. అందులో బెంగాలీ ఉంది, హిందీ ఉంది, ఇంగ్లీషు ఉంది. నేను ఈ ఊళ్లో మూడు భాషలూ మాట్లాడతాను, ఒక్కటీ చదవలేను. కాయితం పట్టుకుని అప్పట్లో మా వెనక లైనులోనే ఉన్న పంతులుగారి ఇంటికి పోయినాను. ఆయన చదివినారు. చదివి నోటితో చెబితే సరిపోయేది. అలా చెయ్యలేదు. పెద్ద కాయితం తీసి, మా అమ్మకి కళ్లద్దాలు లేకపోయినా కనపడేంత అక్షరాలతో అంతా తెలుగులో రాసినారు. అమ్మ చదువుకున్నాక ఆ కాయితం పఠనాలయంలో గోడ వారన కట్టిన తీగెకి తగిలించినాను. డ్యూటీ దిగి వచ్చినవాళ్లు సైకిలు స్టాండు వేసి మరీ చదివినారు. షుగరు ఇంత మందికి ఉందని మాకు ఆరోజే తెలిసింది.

"తెలుగు ఆంధ్రలో పెద్ద భాష, జగ్గారావూ" అన్నారు పంతులుగారు. "ఇక్కడ చిన్నది. చిన్న భాషలో కావలసిన సంగతులు ఎవరూ అచ్చువేసి చేతికివ్వరు. మనమే రాసుకోవాలి. ఎవరికి తెలిసింది వాళ్లు రాస్తే పదేళ్లకి విజ్ఞానకోశం అవుతుంది."

రెండో పేజీ నాదే. 'చక్రం' అని పేరు పెట్టి రాసినాను. ఇప్పటికీ దాన్ని మించిన పేజీ పఠనాలయంలో లేదని చూసినవాళ్లే అంటారు.

పంతులుగారు ఒక్క నియమం పెట్టి గోడ మీద రాయించినారు. ప్రతి కాయితానికీ కుడివైపు నాలుగు వేళ్ల మేర ఖాళీ వదలాలి. ఆ ఖాళీ దిద్దేవాళ్లది. ఎవరు రాసిన పేజీనైనా ఎవరైనా దిద్దవచ్చు, కొట్టెయ్యవచ్చు, కలపవచ్చు. అడగనక్కర్లేదు. తీగె పక్కన దారం కట్టిన పెన్ను కూడా వేలాడదీసినారు.

ఇక్కడే చిక్కు వచ్చింది. మాది వర్క్‌షాపు జనం. వర్క్‌షాపులో చక్రం తయారైతే ఇనస్పెక్టరు వచ్చి, చూసి, సుద్దతో టిక్కు పెడతాడు. టిక్కు పడేదాకా దాన్ని ఎవడూ కదపడు. ఒక గ్యాంగు చేసిన పని మీద ఇంకో గ్యాంగువాడు చెయ్యి వేశాడంటే ఆ రోజు క్యాంటీనులో గొడవే. తాతల నాటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు అది. కాయితం రాసినవాడు రాసినట్టే చేతిలో పట్టుకుని పంతులుగారి ముందు నిలబడేవాడు.

"పాస్ సెయ్యండి పంతులుగారూ."

"నేనెవర్ని పాస్ చెయ్యడానికి? తగిలించు. తప్పుంటే చూసినవాళ్లు దిద్దుతారు."

"మీరు సూడకుండా ఎలాగండి?"

తగిలించేవాడు కాదు. మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి పోయేవాడు. కొన్ని నెలలు తీగె మీద నా చక్రం, మా అమ్మ షుగరు తప్ప మరేమీ లేవు. ఆఖరికి పంతులుగారే దిగి వచ్చినారు. ఎర్ర పెన్సిలుతో పేజీ పైన టిక్కు పెట్టడం మొదలుపెట్టినారు. అంతే, కాయితాలు వచ్చి పడ్డాయి. దోమ, పచ్చకామెర్లు, ఎయిర్ బ్రేకు, తేలు, పెన్షను లెక్క, గ్రహణం. ఆయన చదవడం, దిద్దడం, సాపు రాయడం, టిక్కు పెట్టడం. తీగె చాలక బీరువా కొన్నాం. బీరువా మోసుకొచ్చింది మా షాపు కుర్రాళ్లు, మోయించింది నేను.

జనం వాటిని విజ్ఞానకోశం అని ఏనాడూ అనలేదు. పంతులుగారి పేజీలు అన్నారు. ఆ మాట వినబడినప్పుడల్లా ఆయన "నావి కావయ్యా" అనేవారు. మొదట్లో గట్టిగా అనేవారు. తొంభైల్లోకి వచ్చేసరికి గొంతు తగ్గింది. తరవాత తరవాత చెయ్యి మాత్రం ఊపేవారు. కుడివైపు నాలుగు వేళ్ల ఖాళీ ఏళ్ల తరబడి తెల్లగానే ఉండిపోయింది. దారం కట్టిన పెన్నులో సిరా ఎండిపోతే నేనే మార్చేవాణ్ణి, వాడినవాడు లేకపోయినా.

తొంభై ఎనిమిదిలో గోపాలం వచ్చినాడు. ప్రేమ్ బజార్‌లో గది తీసుకుని, పక్కనున్న ఇంజనీరింగు క్యాంపస్‌లో కంప్యూటర్ల సెక్షన్లో ఉద్యోగం చేసేవాడు. విజయనగరం మనిషి, మంచివాడు. వేరే వేరే ఊళ్లలో ఉన్న తెలుగువాళ్లు కొందరు జీతం భత్యం లేకుండా కలిసి ఇంటర్నెట్టులో తెలుగు విజ్ఞానకోశం కడుతున్నారని, తనూ అందులో ఉన్నానని చెప్పినాడు.

"ఇంటర్నెట్టంటే ఏటి బాబూ?" అని అడిగినాను.

"స్టేషను మాస్టరు బల్ల మీద కంట్రోలు ఫోను ఉంటుంది కదండీ. ఒక స్టేషన్లో మాట్లాడితే లైను మీదున్న స్టేషన్లన్నింటికీ వినపడుతుంది. ఎవరైనా అందుకుని బదులు చెప్పొచ్చు. అలాంటిదే, కాకపోతే రాత."

"తెలుగు రాత?"

"ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగై కనపడే ఏర్పాటుందండి."

పంతులుగారు కుర్చీలో ముందుకి జరిగినారు. అంత ఆత్రం ఆయనలో నేను ఎప్పుడూ చూడలేదు. బీరువా తెరిపించినారు. గోపాలం కట్టలు విప్పి ఒక్కొక్క పేజీ చూస్తూ, మెచ్చుకుంటూ, ఒకచోట ఆగిపోయినాడు. ఇంకో కట్ట తీసినాడు, ఇంకోటి తీసినాడు.

"దిద్దినదంతా ఒక్కరి చెయ్యేనండి" అన్నాడు మెల్లగా.

"నాదే" అన్నారు పంతులుగారు.

"మా వాళ్లు ఒక్కరే చూసిన పేజీ తీసుకోరండి. రాసినవాళ్లు కాక కనీసం ఇద్దరు చెయ్యి పెట్టాలి. పదిమందీ కలిసి కట్టేది కదా, ఒక్కరి పొరపాటు అందరి పేరు మీదా పోకూడదని."

నాకు ఒళ్లు మండింది. "ఏటి బాబూ, ఈయన సూసింది సాలదా?" అని లేచినాను. పంతులుగారు నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టినారు.

"అతను చెప్పింది నేను మొదట్నుంచీ చెప్పినదే జగ్గారావూ."

అప్పటికే ఆయన రెండు కళ్లకీ పొరలు కమ్ముతున్నాయి. సైకిలు మానేసి ఆటోలో వస్తున్నారు. ఎర్ర టిక్కు ఒక్కోసారి పేజీ మీద కాక బల్ల మీద పడేది. ఇంకొక చెయ్యి తోడు రాకపోతే ఆ బీరువా ఆయన కళ్లతోనే మూతపడుతుందని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఆదివారం నుంచి ఎర్ర పెన్సిలు తియ్యడం మానేసినారు. ఆ మధ్య గంగాభవాని కొత్త పేజీ తెచ్చింది. మా లైనులో పుట్టి పెరిగిన పిల్ల, స్టోర్సులో గుమస్తా. దోమ పేజీ కూడా తను రాసిందే. పంతులుగారు ఆ కాయితం చూడకుండానే తీగెకి తగిలించమన్నారు. తగిలించలేదు. నన్ను గుమ్మం బయటికి లాక్కుపోయింది.

"బాబాయ్, నా కాయితం ఫెయిలేటి?"

"ఫెయిలెవరన్నారు?"

"టిక్కెట్టలేదు మరి. టిక్కు లేదంటే ఫెయిలే కదా. ఆయనకి నా మీద కోపమొచ్చిందా? మొన్న అమ్మగారు అడిగిన గోంగూర తేలేదు, అందుకా?"

అలా ఊరంతా పాకిపోయింది. పంతులుగారు అందర్నీ ఫెయిలు చేస్తున్నారట. కొత్త పేజీలు రావడం ఆగిపోయింది.

అప్పుడు ఆయన తనే బయల్దేరినారు. సంచీలో పేజీలు వేసుకుని, నా భుజం పట్టుకుని, లైను లైనూ తిరిగినారు. ప్రతి ఇంట్లోనూ కుర్చీ వేసినారు, టీ ఇచ్చినారు. పేజీ ముందు పెట్టి ఏదైనా దిద్దమంటే చదివి, తల ఊపి, రెండు చేతులతో తిరిగి ఇచ్చేసినారు. "మీరు సూసినాక ఇంక మాదేటుంది పంతులుగారూ." అందరిదీ అదే మాట. సాయంత్రానికి ఆయన కడుపు నిండా టీ, సంచీ నిండా తెల్లటి అంచులు. మా అరుగు మీద కూలబడి చెప్పులు విప్పి పాదాలు నొక్కుకున్నారు.

"గౌరవం ఇంత బరువుంటుందని తెలీదయ్యా" అన్నారు.

ఆపైన ఒక ఎత్తు వేసినారు. 'పున్నమి' అని పేజీ రాసి, అందులో పున్నమినాడు చంద్రుడు కనపడడు అని కావాలనే రాసినారు. ఎవడో ఒకడు పెన్ను పట్టక తప్పదని ఆశ. నెల్లాళ్లు వేలాడింది ఆ కాయితం. అందరూ చదివినారు. ఒక్కడూ గీత పెట్టలేదు. పైగా మా ఆడవాళ్లు కొళాయి దగ్గర చెప్పుకుంటుంటే నేనే విన్నాను, "పాపం, పంతులుగారికి సెందురుడు కూడా కనపడ్డం లేదే" అని. ఆయన కళ్లని ఎత్తి చూపినట్టవుతుందని దిద్దలేదన్నమాట. ఈ మాట ఆయనతో చెబితే నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. లేచి ఆ పేజీ తనే తీసేసుకున్నారు.

కంటి ఆపరేషనుకి వెళుతూ ఇంక పఠనాలయం మాట ఎత్తలేదు. బాలాంబగారే నన్ను గేటు దాకా పంపుతూ అన్నారు: "రాత్రి పడుకుంటే పేజీలు చదువుతున్నట్టు వేళ్లు కదుపుతున్నారు జగ్గారావూ. నిద్దరుండదు. ఆ బీరువా ఎవరికైనా అప్పజెప్పేస్తే బాగుణ్ణు."

ఎవరికి అప్పజెప్పాలి?

ఆయన రాని ఆదివారాల్లో నేను పఠనాలయం తెరిచి కూచునేవాణ్ణి. బోసిగా ఉందని బీరువాలోంచి పాత పేజీలు కొన్ని తీసి తీగెకి తగిలించినాను. పంతులుగారే స్వయంగా రాసిన 'కాకి' అందులో ఒకటి. ఒకరోజు విల్‌ఫ్రెడ్ వచ్చినాడు. గార్డుగా చేసి రిటైరయినవాడు, నా ఈడువాడు, నోరు మహా గట్టిది. కాకి పేజీ ముందు నిలబడి చదివి, పకపకా నవ్వినాడు.

"ఏ ఊరి కాకిరా ఇది?"

"ఏటైంది?"

"కాకి ఎండుపుల్లలతో గూడు కట్టునట! ఒరే జగ్గూ, నా సర్వీసంతా సూసినానురా. కరెంటు స్తంభాల మీద కాకి గూళ్లు దింపి దింపి లైనోళ్ల సేతులు పడిపోయినాయి. అన్నీ ఇనప తీగెలే. ఒక్క గూడుకి నా బండి గిధ్నీ స్టేషన్లో నిలబడిపోయింది. పుల్లలట!"

"అయితే పెన్ను అక్కడుంది, దిద్దు."

నవ్వు ఆగిపోయింది. "పంతులు పేజీ మీద నాను గీత పెట్టడమేటి? డ్రైవరు కాయితంలో గార్డు రాస్తాడేటి?"

"మరి నోరు మూసుకుని పేపరు సదువుకో."

"ఆయనొచ్చినాక సెప్తాను."

"ఆయనకి కట్టు కట్టినారు. ఎప్పుడొస్తారో. సీకట్లో పట్టాల మీద ఎర్ర దీపం పట్టుకుని ఒంటరిగా నడిసినోడివి, ఇంత సిరాకి జంకుతున్నావు. పో, పో, ఆలిస్‌కి సెప్తాను, మీ ఆయన కాకిని సూసి పారిపోయినాడని."

అతని ముఖం ఎర్రబడింది. "ఆలిస్‌ని ఎందుకు తెస్తావురా మధ్యలోకి" అంటూ పెన్ను లాగినాడు. దారం తెగింది. 'ఎండుపుల్లలతో' అన్న మాట మీద గట్టిగా గీత కొట్టి, ఖాళీలో 'ఇనప తీగెలతో' అని వంకర అక్షరాలతో రాసినాడు. రాసి, నిప్పు ముట్టుకున్నట్టు పెన్ను బల్ల మీద పడేసి, పేపరు కూడా చదవకుండా వెళ్లిపోయినాడు.

పంతులుగారు నల్ల కళ్లద్దాలతో వచ్చినది ఆ పై ఆదివారం. చదవకూడదని డాక్టరు ఆంక్ష. బాలాంబగారు చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూచోబెట్టినారు.

"తీగె మీద ఏమున్నాయి జగ్గారావూ? చదువు."

చదువుతూ పోయినాను. కాకి దగ్గరకి వచ్చినాక కూడా ఉన్నది ఉన్నట్టు చదివినాను. "కాకి ఇనప తీగెలతో గూడు కట్టును."

"ఏమిటీ?"

"గీత కొట్టి రాసినారండి. ఇల్‌ఫ్రెడ్."

ఆయన చెయ్యి జేబులోని ఎర్ర పెన్సిలు మీదకి పోయింది. అలవాటు మరి. "తప్పు" అన్నారు. "ఇక్కడంటే తీగెలు దొరుకుతాయి. ఊళ్లల్లో కాకులకి తీగెలు ఎక్కణ్ణించి వస్తాయి?"

"దిద్దమంటారా? సెప్పండి, నాను రాస్తాను."

పెన్సిలు సగం దాకా పైకి వచ్చింది. అక్కడే ఆగింది. నేను ఎదురుగా చూస్తున్నాను. జన్మంతా తప్పులు వెతికిన మనిషికి కళ్లెదుట తప్పు వదిలెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. సొట్ట ఉన్న చక్రాన్ని నేనైతే వదలను. ఆయన పెన్సిలు లోపలికి తోసేసినారు.

"ఉండనీ."

"తప్పని మీరే అంటిరి."

"తప్పే. ఉండనీ జగ్గారావూ. నీ చెయ్యి కూడా పెట్టకు."

ఆ వారమంతా నేను ఆ తప్పుకి కాపలా కాసినాను. గంగాభవాని తమ్ముడి పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, తీగె వైపు చూసింది.

"ఇదెవరి రాత? పంతులుగారి పేజీ మీద!"

"ఇల్‌ఫ్రెడ్ మావది."

"ఆయన టిక్కెట్టినారా దీనికి?"

"లేదు."

"టిక్కు లేకుండా రాసేసినాడా? అంటే ఎవరైనా రాసెయ్యొచ్చా?"

పదిహేనేళ్లుగా ఆ గోడ మీద అదే రాసి ఉందని నేను అనలేదు.

"రాయడమైనా సరిగ్గా రాయొద్దూ? మా పెరట్లో మామిడిసెట్టు గూడు పడిపోతే నాను సూసినాను. కింద తీగెలు, పైన పుల్లలు, మజ్జిలో మా అమ్మ దువ్వెన. ఏటనుకున్నాడు ఇల్‌ఫ్రెడ్ మావ? కాకులన్నీ రైల్వే ఉద్యోగులేటి?" అని పెన్ను తీసుకుంది. 'ఎండుపుల్లలతో' మీద గీత ఉంది కనక దాన్ని మళ్లీ రాసింది. 'ఊళ్లలో ఎండుపుల్లలతోను, రైల్వే ఊళ్లలో ఇనప తీగెలు కూడా కలిపి' అని విల్‌ఫ్రెడ్ రాత కింద గుండ్రంగా రాసింది. దువ్వెన సంగతి కూడా కలపాలా వద్దా అని కాసేపు ఆలోచించి, వదిలేసింది.

ఆదివారం గోపాలం వచ్చి ఉన్నాడు. పంతులుగారు కూచున్నాక నేను ఆ వాక్యం చదివి వినిపించినాను. మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివినాను. గోపాలం లేచి పేజీ దగ్గరగా చూసి, "రాసినవారు కాక ఇద్దరు. ఇది పంపిస్తానండి" అన్నాడు. బీరువా నిండా ఉన్న పేజీల్లో మొదట బయటికి పోయింది అదన్నమాట. నా చక్రం తరవాత పోయింది, అది వేరే సంగతి. నా తాళం కిందనుంచి పోయినవే అన్నీ.

పంతులుగారు సంతోషిస్తారని, నాలుగు మాటలు మాట్లాడతారని చూసినాను. ఆయన నల్ల అద్దాలు తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. తల కుర్చీకి ఆన్చినారు.

"బాలాంబా, వచ్చే ఆదివారం నన్ను లేపకు."

"ఏం? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నిద్రొస్తోంది."

పై ఆదివారం నేను తాళం తీసేసరికే గుమ్మంలో విల్‌ఫ్రెడ్ ఉన్నాడు. తన రాత మీద రాసినదెవరని కేకలు. గంగాభవాని తగ్గలేదు. ఇంకో నలుగురు చేరినారు. ఎవడో గ్రహణం పేజీ కూడా తప్పంటున్నాడు, పెన్ను ఒకటే ఉందని ఇంకొకడు గోల. ఆ మధ్యాహ్నమంతా కుర్చీ ఖాళీగానే ఉంది. పంతులుగారు రాలేదేమని ఒక్కరూ అడగలేదు.

సాయంత్రం తాళం వేసి, ఆ సంగతి చెప్పడానికి ఇందా పోయినాను. బాలాంబగారు గుమ్మంలోనే పెదవుల మీద వేలు పెట్టినారు.

"పొద్దుట్నించీ నిద్రపోతూనే ఉన్నారు" అన్నారు. "వేళ్లు కదపడం లేదు."